పికప్‌కి స్టెబిలైజర్ బార్ బుష్‌లు, లింక్‌లు మార్చడం

మలుపుల్లో బండి ఎక్కువగా ఒరగకుండా పట్టి ఉంచే అడ్డ కడ్డీయే స్టెబిలైజర్ బార్. గతుకుల్లో బండి ముందు నుంచి టకటక శబ్దం, మలుపులో బండి ఒక పక్కకి ఒరగడం: మొదట లింక్‌ని (బార్ చివరని సస్పెన్షన్‌కి కలిపే చిన్న కడ్డీ) చేత్తో కదిపి చూడండి. దాని బాల్ జాయింట్ (గుండులా తిరిగే కీలు) లూజైతే అక్కడే తెలుస్తుంది.

కావలసినవి 2 పాలీయూరితేన్ (రబ్బరు లాంటి గట్టి ప్లాస్టిక్) బుష్‌లు (బార్ చుట్టూ కూర్చునే తొడుగులు), 2 లింక్‌లు, సిలికాన్ గ్రీజు. బుష్ కొనేముందు బార్ మందాన్ని వెర్నియర్‌తో (మందం కొలిచే పరికరం), బుష్ కూర్చునే చోటే, తుప్పు గీకేసి కొలవండి. ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా బుష్ బార్‌ని బిగపట్టేస్తుంది, లేదా శబ్దం అలాగే ఉంటుంది.

ఒక్క చక్రమే లేపితే బార్ మెలితిరిగి బోల్టు ఊడిరాదు, వచ్చినా ఎగిరి తగులుతుంది. రెండు వైపులా సమానంగా లేపి స్టాండ్లు పెట్టాలి. లింక్ నట్ తిప్పుతుంటే స్టడ్ (నట్ ఎక్కే మరల కడ్డీ) కూడా తిరుగుతుంది. దాని చివర గుంటలో అలెన్ కీ పెట్టి ఆపండి. తుప్పు పట్టిన నట్లకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టండి.

బుష్ లోపలంతా గ్రీజు దట్టంగా పూయాలి. మామూలు గ్రీజు వానకి కొట్టుకుపోయి కిర్రుమంటుంది. బుష్‌లని పట్టే బ్రాకెట్లు వదులుగా పెట్టి, లింక్‌లు తగిలించి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే అన్నీ బిగించండి. 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి స్పానర్ వేయండి.