భిన్నాలు ముందు చేతికి, తర్వాతే బోర్డుకి
భిన్నాల పాఠం బోర్డు మీద మొదలుపెట్టకండి. ముందు పిల్లలకి తలా ఒక కాగితం ఇచ్చి సగానికి మడవమనండి, మళ్లీ సగానికి, ఇంకోసారి, విప్పి చూస్తే 8 గళ్లుంటాయి, అందులో మూడింటికి రంగు వేసి "ఎనిమిదింట మూడు" అని పైకి అన్నాకే 3/8 అని రాయించండి. 1/8 కన్నా 1/4 పెద్దదని వేరే చెప్పక్కర్లేదు, మడతల్లోనే కనిపిస్తుంది. అన్నట్టు, వీడు చూసి నేర్చుకునే రకం, ఆ పిల్ల విని నేర్చుకునే రకం అని ముద్రలు వేయొద్దు. 2008లో నలుగురు సైకాలజిస్టులు పాత పరిశోధనలన్నీ తిరగేసి, అలా విడదీసి చెప్పడానికి తగిన ఆధారం లేదనే తేల్చారు. అందరికీ అన్నీ ఇవ్వండి. మర్నాడు మాత్రం కాగితం ఇవ్వకుండా గుర్తున్నది గీయమనండి, ఎవరికి ఎక్కడ తేడా కొట్టిందో అక్కడే దొరికిపోతుంది.