పని రోజూ ఒకేలా లేనివారు క్యాలరీల అవసరాన్ని లెక్కించుకోవడం ఎలా?

వ్యవసాయ కూలికి రోజుకు ఎన్ని క్యాలరీలు కావాలో తెలుసుకుందామని పట్టికలు తిరగేస్తే, 'కఠిన శ్రమ' అనే గడిలో ఒక అంకె కనిపిస్తుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం 55 కిలోల స్త్రీకి తేలికపాటి శ్రమలో 1660, మధ్యస్థ శ్రమలో 2130, కఠిన శ్రమలో 2720 కిలోక్యాలరీలు (వాడుకలో క్యాలరీలు అనేది వీటినే) కావాలి. 65 కిలోల పురుషుడికి అవే అంకెలు వరుసగా 2110, 2710, 3470. జనాభా మొత్తానికి ప్రణాళిక వేసేటప్పుడు ఇవి ఎంతో ఉపయోగపడతాయి. అయితే ఊడ్పుల నెలలో రోజంతా నడుము వంచి నాట్లు వేసి, వేసవిలో వారాల తరబడి ఇంటిపట్టున ఉండే మనిషిని వీటిలో ఏ గడిలో చేర్చాలి? ఏ గడిలో చేర్చినా ఏడాదిలో సగం రోజులు లెక్క తప్పుతుంది. కాబట్టి వృత్తి పేరును పక్కన పెట్టి, రోజులోని గంటలను లెక్కించడమే సరైన దారి. కాగితం, పెన్ను, ఇంట్లో ఒక తూకపు యంత్రం ఉంటే ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు.

ముందుగా ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నా గుండె, మెదడు, కాలేయం వంటి అవయవాలు నడవడానికి శరీరం ఖర్చు చేసే శక్తిని తెలుసుకోవాలి. దీన్నే మూల జీవక్రియ శక్తి, బీఎంఆర్ అంటారు. 18 నుంచి 30 ఏళ్ల స్త్రీలు తమ బరువును కిలోలలో తీసుకుని 14.8తో గుణించి 487 కలపాలి. 30 నుంచి 60 ఏళ్ల వారు 8.13తో గుణించి 846 కలపాలి. 60 దాటినవారు 9.08తో గుణించి 659 కలపాలి. పురుషులకు ఇవే వయసుల్లో గుణించాల్సినవి 15.1, 11.5, 11.7, కలపాల్సినవి 692, 873, 588. ఈ సూత్రాలకు ఆధారమైన కొలతల్లో పాశ్చాత్య దేశాలవారివే ఎక్కువ కావడం వల్ల మనవారికి అవి కొంత ఎక్కువ చూపుతాయి. అందుకే వచ్చిన మొత్తంలోంచి సుమారు పదో వంతు తీసివేయాలి.

ఉదాహరణకు కృష్ణా డెల్టాలో ఊడ్పుల ముఠాలో పనిచేసే నలభై ఏళ్ల స్త్రీని ఊహించుకుందాం. ఆమె బరువు 50 కిలోలు. 50ని 8.13తో గుణిస్తే 406.5 వస్తుంది, దానికి 846 కలిపితే సుమారు 1252, పదో వంతు తీసివేస్తే 1127. ఆమె లెక్కంతటికీ ఈ 1127 పునాది.

ఇక రోజును విడదీయాలి. ఒక్కో పనికి ఒక్కో గుణకం ఉంటుంది. ఆ పని చేస్తున్నప్పుడు శరీరం బీఎంఆర్‌కు ఎన్ని రెట్లు శక్తి వాడుతుందో అది చెబుతుంది. నిద్రకు 1, కూర్చుని కబుర్లు చెప్పుకోవడం వంటి విశ్రాంతికి 1.4, భోజనానికి 1.5, వంటకు 2.1, స్నానం, బట్టలు మార్చుకోవడం వంటివాటికి 2.3, ఊడవడం, సర్దడం వంటి ఇంటిపనికి 2.8, బరువు లేకుండా నడవడానికి 3.2, నాట్లు, కలుపు తీత వంటి చేతి వ్యవసాయ పనులకు 4.1 తీసుకోవచ్చు. బస్సులో కూర్చుని ప్రయాణించడానికి 1.2, ఆఫీసులో కూర్చుని చేసే పనికి 1.5 చాలు.

లెక్క తప్పేది ఎక్కువగా పని గంటల దగ్గరే. ఉదయం ఎనిమిదికి పొలంలో దిగి సాయంత్రం ఐదుకు గట్టెక్కితే చాలామంది తొమ్మిది గంటల పని అని రాసుకుంటారు. కానీ మధ్యాహ్న భోజనం, గట్టు మీద కూర్చున్న సేపు, మంచినీళ్లకు ఆగిన సేపు, నారు కట్టలు వచ్చేదాకా ఎదురుచూసిన సేపు తీసివేస్తే నడుము వంచి పనిచేసింది ఆరు గంటలే కావచ్చు. రోజు కూలికి వెళ్లిన నాడు, గుత్తకు ఒప్పుకున్న నాడు పని వేగం ఒకటి కాదు. గుత్త పనిలో చేతులు ఆగవు, విరామాలు తగ్గుతాయి. అందువల్ల గుత్తకు వెళ్లిన రోజులకు పని గంటలను విడిగా రాసుకోవడం మంచిది. అదే విధంగా 'కోతల కాలం' అని రాసుకున్నంత మాత్రాన కఠిన శ్రమ అయిపోదు. కోత మిషను చేసుకుపోయిన చేలో మనిషి చేసిన పని, కొడవలితో కోసి కుప్ప వేసిన రోజు పనికి దగ్గరగా కూడా రాదు.

మన ఉదాహరణలోని స్త్రీ నాట్లకు వెళ్లిన రోజున 8 గంటలు నిద్రపోయి, ఒక గంట స్నానాదులకు, ఒక గంట భోజనాలకు, 2 గంటలు వంటకు, ఒక గంట ఇంటిపనికి, ఒక గంట నడకకు, 6 గంటలు నాట్లకు వెచ్చించి, మిగిలిన 4 గంటలు కూర్చుని గడిపిందనుకుందాం. ప్రతి పని గంటలనూ దాని గుణకంతో గుణించి కలిపితే 52.2 వస్తుంది, దాన్ని 24తో భాగిస్తే ఆ రోజు సగటు గుణకం 2.175. పునాది 1127ను దీనితో గుణిస్తే సుమారు 2450 కిలోక్యాలరీలు. ఇంటి దగ్గరే ఉన్న రోజున పొలం పని లేకపోయినా వంట 3 గంటలకు, ఇంటిపని 2 గంటలకు పెరిగి, కూర్చున్న సమయం 8 గంటలైతే సగటు గుణకం 1.59కి తగ్గి, అవసరం 1790 దగ్గర నిలుస్తుంది. మూడు గంటలు కలుపు తీసి వచ్చిన సగం పని రోజుకు ఇదే పద్ధతిలో సుమారు 2140 వస్తుంది.

ఇలా మీ జీవితంలోని రోజులను మూడు రకాలుగా విడగొడితే చాలు. ఐదారు రకాలు పెట్టుకుంటే రెండో వారానికే రాయడం మానేస్తారు. తర్వాత వారానికి ఏ రకం రోజులు ఎన్ని వచ్చాయో చూసి సగటు తీయాలి. ఊడ్పుల వారంలో నాలుగు రోజులు నాట్లు, ఒక రోజు సగం పని, రెండు రోజులు ఇల్లు అనుకుంటే రోజు సగటు సుమారు 2220. పనులు లేని వారంలో ఒకే ఒక సగం పని రోజు ఉంటే సగటు 1840. సైట్ పనికి మూడు రోజులు, ఆఫీసుకు రెండు రోజులు వెళ్లే ఇంజినీరుకైనా, షిఫ్టులు మారే కార్మికుడికైనా ఇదే పద్ధతి వర్తిస్తుంది, మారేది గంటలే.

ఆ రెండు సగటుల మధ్య తేడా 380. చూడటానికి చిన్నదే. కానీ శరీరంలో ఒక కిలో కొవ్వు సుమారు 7700 కిలోక్యాలరీలతో సమానం. ఖాళీ కాలంలో తిన్నంతే ఊడ్పుల నెలంతా తింటే 30 రోజుల్లో 11,400 లోటు ఏర్పడి, ఒకటిన్నర కిలోల దాకా బరువు తగ్గవచ్చు. మన ఊళ్లలో పని కాలంలో చిక్కిపోవడాన్ని మామూలు విషయంగా తీసుకుంటారు, ముఖ్యంగా ఇంట్లో అందరికీ పెట్టి చివర్లో మిగిలింది తినే ఆడవాళ్ల విషయంలో. అది మామూలు విషయం కాదు. అప్పటికే బక్కగా ఉన్న మనిషికి ఆ ఒకటిన్నర కిలోలు కండ నుంచీ పోతాయి, జ్వరం వస్తే కోలుకునే శక్తి నుంచీ పోతాయి.

అంకెను కంచంలోకి తేవడం కష్టమేమీ కాదు. నూరు గ్రాముల బియ్యం సుమారు 350, కందిపప్పు సుమారు 335 కిలోక్యాలరీలు ఇస్తాయి. ఒక చిన్న చెంచా నూనె 45 ఇస్తుంది. నాట్ల రోజుకూ ఇంటి రోజుకూ ఉన్న 660 తేడాను పూడ్చడానికి 130 గ్రాముల బియ్యం, 60 గ్రాముల కందిపప్పు అదనంగా వండుకుంటే సరిపోతుంది. అన్నం ఒక్కటే పెంచకుండా పప్పు కూడా పెంచమనడానికి కారణం, కండకు కావలసిన మాంసకృత్తులు అందులో ఉండటమే. ఈ అదనపు తిండిలో సగమైనా పొలానికి వెళ్లే ముందో, వెంట తీసుకెళ్లే సద్దిలోనో ఉండాలి. రాత్రి దాకా ఆగి ఒక్కసారిగా తిన్నది అప్పటికే ముగిసిన పగటి శ్రమకు అందదు. ఏ రోజుకు ఆ రోజు అంకె కచ్చితంగా సరిపోవాలన్న పట్టింపు అక్కర్లేదు. వారం సగటు సరిపోతే శరీరం సర్దుకుంటుంది.

ఎంత జాగ్రత్తగా వేసినా ఇది అంచనాయే. ఒకే బరువు, ఒకే వయసు ఉన్న ఇద్దరి ఖర్చులో రెండు మూడు వందల తేడా ఉండటం సహజం కాబట్టి తూకంతో సరిచూసుకోవాలి. వారానికి రెండుసార్లు, ఉదయం కాలకృత్యాలు తీరాక, ఏమీ తినక ముందు, ఒకే యంత్రం మీద తూచుకుని, మూడు నాలుగు వారాల ధోరణి చూడాలి. ఎండలో పనిచేసి వచ్చిన సాయంత్రం తూకం చెమట నష్టాన్ని చూపుతుంది తప్ప కొవ్వును కాదు. నాలుగు వారాల్లో ఒక కిలో తగ్గితే రోజుకు సుమారు 275 తక్కువ పడుతున్నట్టు లెక్క. పెరిగితే అంతే ఎక్కువవుతున్నట్టు. మీ అంకెను ఆ మేరకు సవరించుకోండి.

గర్భిణులు ఈ లెక్కకు 350, బిడ్డకు పాలిచ్చే తల్లులు మొదటి ఆరు నెలలు 600, తర్వాతి ఆరు నెలలు 520 కలుపుకోవాలి. మధుమేహానికి ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారు మాత్రం ఈ కాగితంతో ఆగకూడదు. కఠిన పని రోజున మందు మోతాదు అలాగే ఉండి తిండి ఆలస్యమైతే పొలంలోనే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. అలాంటివారు తమ మూడు రకాల రోజుల లెక్కను కాగితం మీద రాసుకుని, పనులు మొదలయ్యే ముందే డాక్టరుకు చూపించి, ఏ రోజుకు ఎంత మందో రాయించుకోవాలి.