తక్కువ ఖర్చులో టూరింగ్ సైకిల్ – మూడో పాఠం: పళ్ళ లెక్క

పోయిన పాఠంలో, సైకిల్ కొనబోయే మీ స్నేహితుడి కాలు కొలిచి, దాన్నుంచి సీటు ఎత్తు తీయమన్నాను. వచ్చిన జవాబులు చూశాక నేరుగా గేర్లలోకి దిగడం కుదిరేలా లేదు. కొలతలు బాగానే తీశారు, చిక్కు షాపులో వచ్చింది. చాలామంది సరిగ్గా సరిపోయే సైకిల్‌ని "పెద్దదయిపోయింది" అని పక్కన పెట్టి, ఒక సైజు తక్కువది ఖాయం చేసుకుని వచ్చారు.

కారణం అందరిదీ ఒక్కటే. స్నేహితుడు సీటెక్కి కూర్చున్నాడు, "కాలు ఆనట్లేదురా" అన్నాడు, షాపతను సీటు కిందికి దించేశాడు. టూరింగ్ సైకిల్ (సామానుతో దూరప్రయాణాలకి వాడేది) మీద కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆనవు. లెక్క చూడండి. కాలి లోపలి కొలత, అంటే గజ్జల నుంచి నేల దాకా, 80 సెంటీమీటర్లు అనుకుందాం. 80ని 0.883తో గుణిస్తే 70.6. పెడళ్ళ చేతులు రెండూ తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా అంత ఉండాలి. ఆ ఇరుసు నేల నుంచి సుమారు 28 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. సీటు పైపు కొంచెం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి, సీటు నేలకి 95 సెంటీమీటర్ల పైన తేలుతుంది. 80 సెంటీమీటర్ల కాలు అక్కణ్ణుంచి నేలకి ఎలా అందుతుంది? సైకిల్ ఒక పక్కకి వంచితే కాలివేళ్ళు తగులుతాయి, అది చాలు. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకు జారి, పై పైపుకి అటూ ఇటూ కాళ్ళు పెట్టి నిలబడాలి. అలా నిలబడ్డప్పుడు పై పైపుకీ శరీరానికీ మధ్య మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల సందు ఉంటే ఆ ఫ్రేమ్ చాలావరకు సరిపోయినట్టే. మిగిలింది చేతుల సంగతి: హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు కొంచెం వంగి ఉండాలి. కర్రల్లా బిగదీసుకుంటే ఫ్రేమ్ పొడవెక్కువ.

సీటు దించుకుని తొక్కితే ఏమవుతుందో కూడా చెప్పాలి. మోకాలు ప్రతి చుట్టులోనూ అవసరానికి మించి మడత పడుతుంది. ఊళ్ళో పాలప్యాకెట్టు తేవడానికి తెలియదు. విశాఖలో ఆర్కే బీచ్ నుంచి బయల్దేరి భీమిలి చేరేలోపు మోకాలిచిప్ప ముందు భాగం సలపడం మొదలవుతుంది.

కాబట్టి మళ్ళీ షాపుకి వెళ్ళండి. టేపు పట్టుకుని మీ లెక్కలో వచ్చిన ఎత్తు (పై ఉదాహరణలో 70.6) దగ్గర సీటు బిగించమనండి. సీటు కింద ఫ్రేమ్‌లోకి దిగే పైపు మీద అడ్డంగా ఒక గీత చెక్కి ఉంటుంది, అది ఫ్రేమ్ లోపలే ఉండాలి. గీత బయటపడితే ఆ ఫ్రేమ్ మీ స్నేహితుడికి చిన్నది, లేదా పొడుగాటి పైపు కొనాలి. పాత సైకిల్ చూస్తుంటే ముందు ఆ పైపు కదులుతుందో లేదో చూడండి. లాసన్స్ బే, పెదవాల్తేరు, ఎంవీపీ వైపు అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఏళ్ళ తరబడి పడి ఉన్న సైకిళ్ళకి ఉప్పుగాలి తగిలి, ఇనప ఫ్రేమ్‌లో అల్యూమినియం పైపు అతుక్కుపోయి ఉంటుంది. బోల్టు వదులు చేసి రెండు చేతులతో సీటు తిప్పండి. కదలకపోతే ఎంత చవకైనా వదిలేయండి. దాన్ని ఊడదీసే లోపు ఫ్రేమ్ పాడవుతుంది.

రెండో గందరగోళం 29. "మావాడు ఆరడుగులు, అందుకే 29 చూస్తున్నాం" అని రాశారు. 26, 27.5, 29 చక్రం సైజులు. మనం కొలిచింది ఫ్రేమ్. 29 చక్రంలోనూ పొట్టి ఫ్రేమ్ వస్తుంది, 26 చక్రంలోనూ పొడుగు ఫ్రేమ్ వస్తుంది. ఆ చక్రం అంకెలు కూడా నమ్మదగ్గవి కావు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 37-622 లాంటి జంట అంకె ఒకటి ఉంటుంది, దాన్నే నమ్మండి. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ముకి సంబంధించిన కొలత, రెండూ మిల్లీమీటర్లలో. 29కీ, రోడ్డు సైకిళ్ళ మీద రాసే 700సికీ రెండింటికీ 622యే. మన పాత నల్ల సైకిల్ 28×1½ది 635. పదమూడు మిల్లీమీటర్ల తేడా ఉంది కాబట్టి ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. అలాగే 26×1.95కి 559, లేడీస్ సైకిళ్ళకి వచ్చే 26×1⅜కి 590. రెంటి మీదా 26 అనే ఉంటుంది. అనంతగిరి దగ్గర టైరు చిరిగితే, పక్క ఊరి షాపులో "26 ఉంది బాబూ" అని తెచ్చిచ్చింది మీ రిమ్ము మీదికి ఎక్కదు. ఆ రెండో అంకె స్నేహితుడి ఫోన్‌లో రాసి పెట్టించండి.

ఇప్పుడు గేర్లు.

"21 గేర్లు ఉన్నాయి, ఘాట్ రోడ్డు ఈజీగా ఎక్కేస్తుంది." ఈ మాట విని డబ్బు పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ. 21 అంటే పెడళ్ళ దగ్గర ముందు మూడు పళ్ళ చక్రాలు (చైన్‌వీళ్ళు), వెనక చక్రం ఇరుసు మీద ఏడు (ఆ గుత్తే ఫ్రీవీల్), గుణిస్తే వచ్చిన సంఖ్య. ఎత్తు ఎక్కేటప్పుడు వాడేది అందులో ఒక్కటే: ముందు అన్నిటికన్నా చిన్న చైన్‌వీల్, వెనక ఫ్రీవీల్‌లో అన్నిటికన్నా పెద్ద పళ్ళెం. ఆ రెండింటి పళ్ళు ఎన్నో తెలిస్తే చాలు. మిగతా 20 గేర్లు ఎలా ఉన్నా ఘాట్‌లో పనికిరావు.

రెండు సైకిళ్ళు పక్కపక్కన పెట్టి చూద్దాం, రెండింటి మీదా 21 అనే స్టిక్కర్ ఉంది. మొదటిది 700×35 చక్రం, ముందు 48-38-28 పళ్ళు, వెనక 14 నుంచి 28. చిన్న గేరులో 28ని 28తో భాగిస్తే 1. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే, అంటే దాదాపు 2.17 మీటర్లు. రెండోది 26×1.95 చక్రం, ముందు 42-34-24, వెనక 14 నుంచి 34. 24ని 34తో భాగిస్తే సుమారు 0.71. ఈ చక్రం చుట్టుకొలత 2.05 మీటర్లు కాబట్టి పెడల్ చుట్టుకి 1.45 మీటర్లు.

నిమిషానికి 60 చుట్లు తొక్కితే వేగం తెలియడానికి ఆ మీటర్లని 3.6తో గుణిస్తే చాలు. మొదటిది గంటకి 7.8 కిలోమీటర్లు, రెండోది 5.2. ఎక్కేటప్పుడు తక్కువ వేగమే మనకి కావాలి. మనిషి 65, సైకిల్ 15, సామాను 20, మొత్తం 100 కిలోలు అనుకోండి. నూరు మీటర్లకి ఆరు మీటర్లు లేచే దారిలో 7.8తో ఎక్కాలంటే బరువు పైకి లాగడానికే 127 వాట్లు కావాలి. 5.2తో అయితే 85. కొత్తగా తొక్కేవాడు గంటల తరబడి 127 ఇవ్వలేడు. ఇవ్వలేక వేగం 5కి పడిపోతుంది. మొదటి సైకిల్ మీద ఆ వేగానికి నిమిషానికి 38 చుట్లే పడతాయి, ప్రతి చుట్టూ మెట్టు మీద నిలబడి తొక్కినట్టు బరువుగా ఉంటుంది. మోకాళ్ళు పోయేది అక్కడే. రెండో సైకిల్ మీద అదే వేగానికి 57 చుట్లు, కూర్చుని తొక్కుకోవచ్చు. పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట దాకా రెండు సైకిళ్ళకీ పెద్ద తేడా కనిపించదు. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది, ఆ ఎత్తులో ఎక్కువ భాగం బొడ్డవర దాటాకే ఎక్కాలి. అక్కడ ఒకరు తొక్కుతూ ఉంటారు, ఇంకొకరు దిగి తోస్తూ ఉంటారు.

నేను పెట్టుకున్న హద్దు ఇది: సామానుతో ఘాట్ ఎక్కాలంటే పెడల్ చుట్టుకి 1.8 మీటర్లు మించకూడదు, 1.5 అయితే హాయి. లంబసింగి, అరకు ఊసే లేకుండా తీరం వెంబడి శ్రీకాకుళం వైపు మాత్రమే తిరిగేవాళ్ళకి 2.2 కూడా సరిపోతుంది.

పళ్ళు లెక్కపెట్టడానికి ఒక సుద్దముక్క తీసుకెళ్ళండి. ఒక పంటి మీద గీత పెట్టి, అక్కణ్ణుంచి వేలితో ఒక్కొక్కటీ తాకుతూ మళ్ళీ గీత దగ్గరికి రండి. గీత పెట్టిన పన్ను చివర్లో మళ్ళీ లెక్కపెట్టొద్దు. చాలా చైన్‌వీళ్ళ మీద, ఫ్రీవీల్ పెద్ద పళ్ళెం మీద అంకె గుద్ది ఉంటుంది. గ్రీజు తుడిస్తే కనబడుతుంది.

అది కూడా వద్దనుకుంటే నేను వాడే దగ్గరి దారి ఉంది. చైన్ చిన్న గేరులో వేయించి, పెడల్ కిందికి వచ్చేలా పెట్టి, సైకిల్‌ని నెమ్మదిగా వెనక్కి నడిపించండి. ముందుకు తోస్తే ఫ్రీవీల్ ఉత్తినే తిరుగుతుంది, వెనక్కి లాగితే పెడళ్ళు కూడా తిరుగుతాయి. పెడల్ ఒక చుట్టు తిరిగి మళ్ళీ కిందికి వచ్చేసరికి సైకిల్ ఎంత దూరం జరిగిందో అదే మన లెక్క. షాపుల్లో ఎక్కువగా రెండడుగుల టైల్సే ఉంటాయి. మూడు టైల్స్ లోపు ఆగితే ఘాట్‌కి పనికొస్తుంది. మూడున్నర దాటితే ఆ సైకిల్ మైదానానికే. స్టిక్కర్ మీద 21 ఉన్నా, 24 ఉన్నా ఇదే పరీక్ష.

సైకిల్ మిగతా అన్నివిధాలా నచ్చి గేరు ఒక్కటే పెద్దదైతే, ఫ్రీవీల్ మార్చడం చవకైన మందు. 14-28 తీసి 14-34 వేస్తే మొదటి సైకిలే 2.17 నుంచి 1.79కి దిగుతుంది. రెండు షరతులు ఉన్నాయి. వెనక డిరైలర్ (చైన్ని ఒక పళ్ళెం మీంచి ఇంకోదాని మీదికి మార్చేది) 34 పళ్ళ దాకా పట్టేదై, ముందు 20, వెనక 20, మొత్తం 40 పళ్ళ తేడాని సర్దుకునేంత పొడుగు చేయి ఉన్నదై ఉండాలి. చైన్ పాతదే ఉంచితే పొట్టిదవుతుంది. అలా పొట్టి చైన్‌తో పొరపాటున ముందు పెద్దదీ వెనక పెద్దదీ పడితే డిరైలర్ ఊడి స్పోకుల్లోకి పోతుంది. కాబట్టి కొత్త చైన్‌కి కూడా డబ్బు ఉంచుకోండి. ముందు చైన్‌వీళ్ళు మార్చుకుందాం అంటారా, చవక సైకిళ్ళలో అవి ఎక్కువగా రివిట్లతో బిగించి ఉంటాయి, విడిగా ఊడవు. మొత్తం సెట్టు కొనాలి. అందుకే ముందు పళ్ళు కొనేటప్పుడే చూసుకోవాలి.

మిగతావి క్లుప్తంగా. బ్రేకులు పడుతున్నాయో లేదో ఎవరికైనా తెలుస్తుంది, అది వదిలేస్తున్నాను. వెనక చక్రానికి 36 స్పోకులుంటే మంచిది, 32 ఫర్వాలేదు. ఒకే వైపున ఉన్న పక్కపక్క స్పోకులు జంటగా పిండి చూడండి, ఒకటి బిగుతుగా ఒకటి వదులుగా ఉంటే సామాను పెట్టిన వారంలోనే ఫ్రీవీల్ వైపు తెగడం మొదలవుతుంది. ఆ వైపు తెగితే ఫ్రీవీల్ ఊడదీస్తే గానీ కొత్తది ఎక్కదు, దారిలో అది పెద్ద పని. పాత సైకిల్ అయితే ఒక స్పోకు నిప్పిల్‌ని (రిమ్ము దగ్గర స్పోకుని బిగించే చిన్న నట్టు) కీతో పావు చుట్టు తిప్పించండి. తెల్లగా ఉప్పు పూసి కదలకపోతే ఆ చక్రం బెండు తీయడం కుదరదు. ధరలోంచి ఒక చక్రం డబ్బు తగ్గించమనండి.

క్యారియర్ కోసం ఫ్రేమ్‌కి మర కన్నాలుండాలి: వెనక ఇరుసు దగ్గర రెండు, పైన సీటు కింద రెండు. ఐదు మిల్లీమీటర్ల బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్ళండి, చూస్తే సరిపోదు. "అన్నా, ఇది ఒకసారి పట్టిస్తాను" అని చెప్పి వేళ్ళతోనే తిప్పండి. రెండు మరలు ఎక్కి ఆగిపోతే లోపల పెయింట్ ఉందన్నమాట, షాపులో మర తీయించొచ్చు. అసలు పట్టకపోతే అది మర కన్నం కాదు, అలంకారం.

ముందు సస్పెన్షన్ గురించి నా అభిప్రాయం గట్టిది. ఇరవై వేల లోపు సైకిళ్ళకి వచ్చే స్ప్రింగు ఫోర్కు మామూలు ఇనప ఫోర్కు కన్నా కిలో పైనే బరువు, ఎక్కేటప్పుడు తొక్కిన బలాన్ని తినేస్తుంది, ముందు క్యారియర్ పెట్టనివ్వదు. ఫోర్కు గట్టిగా ఉన్న పాత 26 చక్రం స్టీలు సైకిల్‌ దొరికితే నేను కొత్తదాని వైపు చూడను. ఈ ధరలో డిస్క్ బ్రేకులూ నాకు వద్దు. వెనక కాలిపర్ (ప్యాడ్లని డిస్క్ మీద నొక్కే భాగం) క్యారియర్ కాలికి అడ్డొస్తుంది, దాని ప్యాడ్లు పల్లెల్లో దొరకవు. మామూలు బ్రేకు రబ్బర్లు ఎక్కడైనా దొరుకుతాయి.

చేతిలో ఉన్న డబ్బులో పదిలో ఏడు వంతులే సైకిల్‌కి పెట్టండి. మూడు వంతులు ఫ్రీవీల్, చైన్, టైర్లు, క్యారియర్‌కి మిగలాలి.

సాధన. స్నేహితుణ్ణి తీసుకెళ్ళి ఐదు సైకిళ్ళు చూడండి, కనీసం రెండు పాతవి. ఒక్కోదానికి ఇవి రాయండి: ముందు చిన్న పళ్ళు, వెనక పెద్ద పళ్ళు, టైరు మీది జంట అంకె, వెనక్కి నడిపిస్తే వచ్చిన దూరం, 0.883 ఎత్తులో సీటు గీత లోపలుందా లేదా. లెక్కలో వచ్చిన దూరానికీ నడిపించి కొలిచిన దూరానికీ ఐదు సెంటీమీటర్ల కన్నా ఎక్కువ తేడా వస్తే పళ్ళు తప్పు లెక్కపెట్టారు, మళ్ళీ వెళ్ళండి. తర్వాత గేర్లున్న సైకిల్ ఒకటి ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చి, క్యారియర్ మీద ఐదు లీటర్ల నీళ్ళ క్యాన్లు మూడు కట్టి, బీచ్ రోడ్డు నుంచి పాండురంగాపురం డౌన్ మీదుగా సిరిపురం వైపు చిన్న గేరులో ఎక్కమనండి. తెల్లవారుజామున, ట్రాఫిక్ లేనప్పుడు. మీరు పక్కన నడుస్తూ అరనిమిషంలో పెడల్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. 25 దాటకపోతే, ఆ సైకిల్ పెడల్ చుట్టు దూరం ఎంతో రాసుకుని, మీ ఐదింటిలో అంతకన్నా ఎక్కువ దూరం వచ్చినవన్నీ కొట్టేయండి. మిగిలినవాటితో నాలుగో పాఠానికి రండి. క్యారియర్లు, సంచులు, మడమ సంచికి తగలకుండా ఎంత ఖాళీ ఉండాలో అందులో చూద్దాం.