నవాహో నేల మీద వానాకాలం ప్రయాణమా? ఇవి చూసుకుని బయల్దేరండి

వేసవి సెలవులొస్తే ఫీనిక్స్ వైపు మనవాళ్లు పిల్లల్ని కారెక్కించుకుని మాన్యుమెంట్ వ్యాలీకో, యాంటెలోప్ క్యాన్యన్ అనే ఇరుకు రాతి లోయకో వెళ్తుంటారు. అరిజోనాలో మాన్‌సూన్ కూడా అప్పుడే, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా.

ఈ రెండూ ఉన్న నవాహో నేషన్, అంటే అమెరికా ఆదివాసులైన నవాహోల స్వపరిపాలన ప్రాంతం, మూడు రాష్ట్రాల్లో దాదాపు 70,000 చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. అంత నేలలో తారు రోడ్లు తక్కువ, మట్టిదారులే ఎక్కువ. అందుకే గ్యాస్ బంకులు, హోటళ్లు, నగల దుకాణాలు చాలావరకు 89, 160, 163, 191 హైవేలనే అంటిపెట్టుకుని ఉంటాయి. జీపీఎస్ అడ్డదారి చూపించినా మట్టిదారిలోకి దిగకండి. వాన పడితే ఆ ఎర్రమట్టి జారుడుబండ అవుతుంది, ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. మాన్యుమెంట్ వ్యాలీలో 27 కిలోమీటర్ల లూప్ కూడా మట్టిదే. మబ్బు పట్టిందంటే మామూలు కారుతో దిగకపోవడమే మంచిది.

అసలు భయపడాల్సింది వాగులకి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉంటాయి కాబట్టి మనం పట్టించుకోం. 1997 ఆగస్టు 12న లోయర్ యాంటెలోప్ క్యాన్యన్‌లో వరద వచ్చి 11 మంది చనిపోయారు. వాన పడింది ఎక్కడో మైళ్ల అవతల. గైడు ఈరోజు వద్దంటే డబ్బులు కట్టామని వాదించకండి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే ఆగిపోండి. అడుగు లోతు ప్రవాహం చాలు, చిన్న కారు కొట్టుకుపోవడానికి.

దుమ్ము తుఫాను కమ్మితే రోడ్డుకి వీలైనంత దూరంగా బండి ఆపి, లైట్లన్నీ ఆర్పేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ మీంచి కాలు తీసేయండి. ఎర్రలైటు కనిపిస్తే వెనక బండి రోడ్డు అటే ఉందనుకుని మీ మీదికే వస్తుంది.

చీకటి పడేలోపు గది చేరండి. చాలాచోట్ల గుర్రాలు, ఆవులు, గొర్రెలు రోడ్డెక్కేస్తాయి. ట్యాంకు సగానికి దిగితే కనపడ్డ బంకులో నింపేయండి. వేసవిలో మాన్యుమెంట్ వ్యాలీ టైము ఫీనిక్స్ కంటే గంట ముందుంటుంది. యాంటెలోప్ టూర్లు మాత్రం సాధారణంగా ఫీనిక్స్ టైమే పాటిస్తాయి, టికెట్ మీద చూసుకోండి. మద్యం తీసుకెళ్లకండి, నవాహో నేషన్‌లో నిషేధం.

ఇంకో మాట. 2013 ఫిబ్రవరిలో యాంటెలోప్ క్యాన్యన్ దగ్గరి పేజ్ ఊరికి దక్షిణాన 89వ నంబరు హైవే కుంగిపోతే మళ్లీ తెరిచేసరికి 2015 మార్చి అయింది. అక్కడ రోడ్డు మూతపడితే పక్కన అమ్ముకునేవాళ్ల బేరమూ ఆగిపోతుంది. అందుకని టిఫిన్ డబ్బాలు, నీళ్లు ఎన్నున్నా, వాళ్ల దగ్గర ఏదైనా కొనడానికి కొంత చిల్లర నగదు విడిగా పెట్టుకోండి. రోడ్డు పక్క బల్లల మీద వెండి, టర్కాయిస్ గొలుసులు అమ్మేవాళ్లలో చాలామంది తయారుచేసినవాళ్లే, లేదా వాళ్ల ఇంటివాళ్లే. సిగ్నల్ లేనిచోట కార్డు పనిచేయకపోవచ్చు. ఫొటో తీసేముందు వాళ్లని అడగండి. బండిని మాత్రం మలుపులో కాకుండా, తారు అంచు దాటి పూర్తిగా లోపలికి తీసి ఆపండి.