జెలటిన్ పొరతో ట్రిప్సిన్‌ని పట్టుకోవడం ఎలా?

ఆలోచన తేలికే. ఎలక్ట్రోడ్ మీద పలచగా జెలటిన్ అనే ప్రోటీన్ పొర వేస్తాం, ప్రోటీన్లని కోసే ఎంజైమ్ ట్రిప్సిన్ వచ్చి దాన్ని తినేస్తుంది, పొర తరిగేకొద్దీ అయాన్లకి దారి సుళువై ఇంపిడెన్స్ (కరెంటుకి ఎదురయ్యే అడ్డు) పడిపోతుంది, అది ఎంత వేగంగా పడిందో చూసి ఎంజైమ్ ఎంతుందో లెక్కగడతాం. చిక్కెక్కడంటే, వట్టి జెలటిన్ 37 డిగ్రీల దగ్గర తనంతట తనే కరిగిపోతుంది. మొదటిసారి నాకు గ్రాఫ్ ఎంత అందంగా వచ్చిందో! తర్వాత ఎందుకో అనుమానమొచ్చి ఎంజైమ్ లేకుండా బఫర్ (పిహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) ఒక్కటే పోస్తే అచ్చం అదే గ్రాఫ్.

అందుకే క్రాస్‌లింకింగ్, అంటే జెలటిన్ గొలుసుల్ని ఒకదానికొకటి కట్టేయడం, తప్పదు. ముందు 5 శాతం జెలటిన్‌ని చల్లటి నీళ్లలో నాననిచ్చి, ఉబ్బాక 50 డిగ్రీల దగ్గర మెల్లగా కరిగించండి. గట్టిగా కలిపితే బుడగలొస్తాయి, బుడగ ఉన్నచోట పొరకి చిల్లే. దువ్వెన పళ్లలా ఒకదాంట్లో ఒకటి దూరి ఉండే ఎలక్ట్రోడ్ల మీద స్పిన్ కోటర్‌తో (గిరగిరా తిప్పి పలచగా పరిచే యంత్రం) పరచండి. చుక్క వేసి ఆరబెట్టినా పనవుతుంది గానీ అంచులు మందంగా తేలి ఒక్కో సెన్సర్ ఒక్కోలా చెబుతుంది.

ఆరాక, ఆ కట్లు వేసే రసాయనం గ్లూటరాల్డిహైడ్ ఆవిరి పట్టించాలి. ఫ్యూమ్ హుడ్‌లోనే, గ్లవ్స్ వేసుకునే, ఇందులో బేరాల్లేవు. ఇక్కడే చాలామంది అతి చేస్తారు. గ్లూటరాల్డిహైడ్ పట్టుకునేది ప్రోటీన్ గొలుసులోని లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని, ట్రిప్సిన్ కోసేదేమో లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల పక్కన. పొర గట్టిపడాలని గంటలకొద్దీ ఉంచితే ఎంజైమ్‌కి కోయడానికి చోటే మిగలదు. నాలుగైదు సెన్సర్లు తీసుకుని వేర్వేరు సమయాలు ప్రయత్నించండి, 37 డిగ్రీల వట్టి బఫర్‌లో గంటసేపు నిలబడిన వాటిలో అతి తక్కువ సమయం పట్టించినదే మీకు కావాల్సింది. ఆ తర్వాత గ్లైసిన్ ద్రావణంతో కడగండి, లేకపోతే మిగిలిపోయిన ఆల్డిహైడ్ మీ ట్రిప్సిన్‌నే పట్టుకుంటుంది.

కొలిచేటప్పుడు తొందరపడొద్దు. పొడిపొర నీళ్లు పీల్చి ఉబ్బుతుంది కాబట్టి పిహెచ్ 8 బఫర్‌లో ఉంచి రీడింగ్ గీత తిన్నగా అయ్యేదాకా ఆగాలి, ఎంజైమ్ ఆ తర్వాతే. ట్రిప్సిన్ స్టాక్‌ని (ముందే కలిపి ఉంచుకునే చిక్కటి ద్రావణం) 1 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, ఐసు మీద పెట్టుకోండి. పిహెచ్ 8లో వదిలేస్తే అది తన్ను తానే కోసుకుంటుంది, పొద్దున కలిపింది సాయంత్రానికి ఆ బలంతో ఉండదు. చూడాల్సింది మొదటి కొన్ని నిమిషాల వాలునే. చివర్లో పొర ఎంత పోయిందని చూస్తే లాభం లేదు, ఎంజైమ్ కొంచెమే ఉన్నా టైమిస్తే మొత్తం తినేస్తుంది.

ప్రతిసారీ పక్కన రెండు సెన్సర్లు పెట్టండి: ఒకదాంట్లో వట్టి బఫర్, ఇంకోదాంట్లో అదే శాంపిల్‌కి సోయాబీన్ ట్రిప్సిన్ ఇన్హిబిటర్ (ట్రిప్సిన్‌ని పనిచేయకుండా ఆపేది) కలిపి. రెండోది దేనికంటే, జెలటిన్‌ని తినే ప్రోటియేజ్‌లు (ప్రోటీన్లని కోసే ఎంజైమ్‌లు) ఇంకా చాలా ఉన్నాయి. ఇన్హిబిటర్ వేసినా పొర అదే వేగంతో తరుగుతుంటే మీ శాంపిల్‌లో తింటున్నది వేరే ఏదో.