అల్లం సోడా: ఒక సీసా చప్పగా, ఇంకో సీసా బాంబులా

అనంతపురంలో ఎండలు మొదలై, ఇళ్లలో అల్లం, బెల్లం నీళ్లు పులియబెట్టి సోడా చేసుకోవడం మొదలుపెడితే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, సోడా పొంగలే." "అన్నా, సీసా పేలింది." నేను అడిగేది ఒకటే: ప్లాస్టిక్ సీసా పెట్టినావా? పెట్టరు. గాజు సీసాలతో పాటు ఖాళీ కూల్‌డ్రింక్ సీసా ఒకటి నింపి, పూటకోసారి నొక్కి చూడాలి. రాయిలా గట్టిపడితే అన్నీ ఫ్రిజ్‌లోకి. గాజును నొక్కి చూడలేం కదా!

గ్యాస్ అసలు పట్టలేదు

ముందు మూత చూడండి, పులియడానికి కలిపే తోడును తిట్టకండి. ఖాళీ సీసాకు మూత బిగించి, బకెట్ నీళ్లలో ముంచి నొక్కండి. బుడగలొస్తే గ్యాసంతా అటే పోయింది. మంచినీళ్ల సీసాలు గ్యాస్ కోసం చేసినవి కావు, వాడొద్దు. గోలీ సోడా సీసా కూడా పనికిరాదు. లోపల ఒత్తిడి బలంగా ఉంటేనే గోలీ మూతికి అతుక్కుంటుంది, మెల్లగా పుట్టే గ్యాస్‌కు అది కదలదు. మూత బాగుంటే నీళ్లు అనుమానించండి. కొళాయి నీళ్లలోని క్లోరిన్ తోడుకు పడదు. కాచి, పూర్తిగా చల్లార్చాకే తోడు కలపాలి.

చేసే విధానంలో రెండు రోజులన్నారు, ఒక్క రాత్రికే పొంగింది

ఆ లెక్క 20 డిగ్రీల ఊళ్లది. మన మే నెలలో పొద్దున నింపితే సాయంత్రానికే నొక్కి చూడాలి.

ఒకే జాడీ, ఒకే రోజు. మొదటి సీసా చప్పగా, చివరిది బాంబు

నన్ను ఏడిపించింది ఇదే. మూడుసార్లు మూతలు మార్చినా, కొత్త సీసాలు కొన్నా. పేలినవన్నీ చివర నింపిన సీసాలేనని చాలా ఆలస్యంగా గమనించినా.

తప్పు జాడీ అడుగున ఉంది. బెల్లాన్ని పొడి కొట్టి నేరుగా వేసేవాణ్ని. కరగనిది అడుక్కి చేరుతుంది, పులియబెట్టే ఈస్టు కూడా మడ్డిగా అక్కడే పేరుకుంటుంది. పైన గరిటెతో తీసి రుచి చూస్తే తీపి సరిగ్గానే ఉంటుంది, అందుకే తప్పు దొరకదు. ముందు నింపిన సీసాలకు తేట, చివరి సీసాకు బెల్లమూ ఈస్టూ రెండూ. లీటరులో 4 గ్రాముల చక్కెర పులిస్తే దాదాపు లీటరు గ్యాస్ పుడుతుంది. ఒక చెంచా బెల్లం ఎక్కువైతే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి.

బెల్లాన్ని వేడినీళ్లలో పూర్తిగా కరిగించి, గుడ్డలో వడకట్టి, చల్లార్చాకే జాడీలో పోయండి. సీసాలకు నింపే ముందు పై తేటను వేరే గిన్నెలోకి వంచి, అక్కడ ఒకసారి కలిపి, అందులోంచి నింపండి. అడుగున రెండు వేళ్ల మడ్డి వదిలేయండి. "అంత పారబోయాలా అన్నా?" అంటారు. పారబోయాలి. మూతి కింద కూడా రెండు వేళ్లు ఖాళీ ఉంచండి.

తెల్లటి పలచని పొర వస్తే తీసేయండి. రంగు బూజు పడితే మొత్తం పారేయండి. జిగురుగా సాగితే నాకు ఫోన్ చేయొద్దు, మళ్లీ మొదలుపెట్టండి. పులిసేటప్పుడు కాస్త మద్యం కూడా పుడుతుంది, ఎక్కువ రోజులైతే ఇంకా పెరుగుతుంది, పిల్లలకు పోయకండి.

ఇంకోటి, ఫ్రిజ్ ఈస్టును చంపదు, నిద్రపుచ్చుతుంది. చల్లటి సీసాను సంచిలో పెట్టుకుని బస్సులో కడపకు బయల్దేరితే అది దారిలోనే లేస్తుంది. తీసుకెళ్లాల్సిందే అయితే ప్లాస్టిక్ సీసాలో పోసి, ఐసు మధ్యలో పెట్టండి.