ఇంటి వైఫైకి మూడు తాళాలు: ఏది దేన్ని కాపాడుతుంది, ఎలా వేసుకోవాలి

రౌటర్‌ను తిరగేసి అడుగున అంటించిన స్టిక్కర్ చూడండి. వైఫై పేరు, వైఫై పాస్‌వర్డ్, 192.168.1.1 లాంటి ఒక నంబరు, దాని పక్కనే లాగిన్ పేరూ పాస్‌వర్డూ ఉంటాయి. చాలా ఇళ్లలో వైఫై పాస్‌వర్డ్ ఒక్కటి మార్చి ఊరుకుంటారు. అది గాల్లో వెళ్లే సిగ్నల్‌కు మాత్రమే తాళం. లాగిన్ పాస్‌వర్డ్ రౌటర్ పెట్టెకు తాళం. సైట్ అడ్రస్ మొదట్లో ఉండే హెచ్‌టీటీపీఎస్ మీరు పంపే సమాచారానికి తాళం. ఒకటి చేసే పని ఇంకొకటి చేయదు. గంట తీరిక చేసుకుంటే మూడూ సరిచేసుకోవచ్చు.

ముందు ఆ నంబర్ల సంగతి

ఫోన్‌లో వైఫై సెట్టింగ్స్‌కి వెళ్లి, కనెక్ట్ అయి ఉన్న నెట్‌వర్క్ పేరు నొక్కితే ఐపీ అడ్రస్, గేట్‌వే కనిపిస్తాయి. విండోస్‌లో అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టాలి. గేట్‌వే అంటే మీ రౌటరే. మీ ఫోన్ ఐపీ 192.168.1.7 అనుకుందాం. అది ఫ్లాట్ నంబర్ 302 లాంటిది: ఊళ్లో ఎన్ని అపార్ట్‌మెంట్లుంటే అన్ని 302లు ఉంటాయి, ఏ బిల్డింగో తెలియకపోతే ఉత్తరం చేరదు. 10తో, 192.168తో, 172.16 నుంచి 172.31 వరకు మొదలయ్యే అడ్రసులన్నీ ఇలా లోపలి వాడకానికే కేటాయించినవి. బయటికి వెళ్లే ప్రతి సమాచార ప్యాకెట్ మీదా రౌటర్ ఈ నంబరు తీసేసి తన బయటి అడ్రస్ వేస్తుంది. జవాబు వచ్చాక ఎవరు అడిగారో చూసుకుని వాళ్లకు అందిస్తుంది. దీన్నే న్యాట్ అంటారు. దీనివల్ల బయటివాళ్లు నేరుగా మీ ఫోన్ తలుపు తట్టలేరు.

కానీ ఐపీ అడ్రసుల కొత్త పద్ధతి ఐపీవీ6 వస్తే ఈ ధీమా చెల్లదు. మన దేశంలో చాలా కనెక్షన్లకు ఇప్పుడు ఐపీవీ6 వస్తోంది. అందులో ఒక్కో పరికరానికీ సొంతంగా బయటి అడ్రస్ ఉంటుంది, న్యాట్ అడ్డు ఉండదు. కాబట్టి రౌటర్‌లో, పిలవకుండా బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో తప్పక చూడండి.

పెట్టెకు తాళం

ల్యాప్‌టాప్‌ను వీలైతే కేబుల్‌తో రౌటర్‌కు కలపండి. వైఫై సెట్టింగ్స్ మారుస్తుండగా కనెక్షన్ తెగిపోకుండా ఉంటుంది. బ్రౌజర్‌లో గేట్‌వే నంబరు కొట్టి లాగిన్ అవ్వండి. ఏదీ ముట్టుకోకముందే ఇంటర్నెట్ లేదా వ్యాన్ అనే పేజీని ఫొటో తీసి పెట్టుకోండి. కంపెనీ ఇచ్చిన యూజర్ పేరు, వీల్యాన్ నంబరు లాంటివి అక్కడే ఉంటాయి. ఏదో కుదరక, పిన్నుతో నొక్కే రీసెట్ రంధ్రాన్ని పది సెకన్లు నొక్కి పట్టారంటే అవి కూడా తుడిచిపెట్టుకుపోవచ్చు. అప్పుడు నెట్ బిగించిన అబ్బాయి మళ్లీ వచ్చేదాకా ఇంట్లో నెట్ ఉండదు.

ఇప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్, అంటే స్టిక్కర్ మీది లాగిన్ పాస్‌వర్డ్ మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ప్రపంచమంతటా కెమెరాలను, రౌటర్లను పట్టుకుంది. దానికి పెద్ద విద్యలేవీ అక్కర్లేకపోయింది. కంపెనీలు పెట్టి పంపే లాగిన్ జతలు అరవైకి పైగా వెంట పెట్టుకుని, ఒక్కొక్కటే ప్రయత్నించింది. రౌటర్ చేతికి చిక్కితే డీఎన్‌ఎస్ మార్చేయడం తేలిక. మీరు కొట్టిన సైట్ పేరుకు ఐపీ నంబరు వెతికి ఇచ్చేది డీఎన్‌ఎస్సే గనక, బ్యాంకు పేరు సరిగ్గా కొట్టినా మిమ్మల్ని దొంగ సైటుకు పంపొచ్చు.

అదే వరసలో ఇంకో మూడు పనులు. బయటి నుంచి రౌటర్‌లోకి లాగిన్ కానిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపేయండి. మిమ్మల్ని అడగకుండానే పరికరాలకు బయటి నుంచి దారి తెరిచే యూపీఎన్‌పీ ఆపేయండి, ఆటల్లో వాయిస్ చాట్‌కు ఇబ్బంది వస్తే అప్పుడు ఆలోచించుకోవచ్చు. ఫర్మ్‌వేర్‌కు, అంటే రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌కు, అప్‌డేట్ ఉంటే వేయండి. కంపెనీవాళ్ల ఫైబర్ బాక్సుల్లో ఈ చివరిది మన చేతుల్లో ఉండకపోవచ్చు, ఫోన్ చేసి అడగాలి.

గాల్లో సిగ్నల్‌కు తాళం

వైఫై పేజీలో సెక్యూరిటీ దగ్గర, సిగ్నల్‌కు తాళం వేసే పద్ధతుల్లో డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే ఏఈఎస్‌తో ఉన్న డబ్ల్యూపీఏ2 ఎంచుకోండి. పాత ప్రింటరో ఫోనో డబ్ల్యూపీఏ3కి కలవకపోతే రెండూ కలిసిన మిక్స్‌డ్ మోడ్ పెట్టండి. పాత పద్ధతి డబ్ల్యూఈపీ గుట్టు 2001లోనే బయటపడింది, దాని జోలికి వెళ్లొద్దు.

డబ్ల్యూపీఏ2లో పాస్‌వర్డ్ పొడవే ప్రాణం. మీ ఫోన్ రౌటర్‌కు కలిసేటప్పుడు రెండింటి మధ్య నాలుగు సందేశాలు నడుస్తాయి. వాటిని దగ్గరలో ఉన్న ఎవరైనా పట్టుకుని ఇంటికి తీసుకెళ్లి, తీరిగ్గా పాస్‌వర్డ్ ఊహించుకోవచ్చు. మీ రౌటర్‌కు ఆ సంగతే తెలియదు. మనవాళ్లు ఎక్కువగా పెట్టుకునే ఫోన్ నంబర్ సంగతే లెక్కేద్దాం. పది అంకెలు, మొదటిది 6, 7, 8, 9లలో ఒకటి. మొత్తం 400 కోట్ల నంబర్లు. వినడానికి పెద్ద లెక్కే. కానీ సెకనుకు పది లక్షలు ప్రయత్నించే గ్రాఫిక్స్ కార్డుకు అది 4,000 సెకన్ల పని, అంటే గంటా ఏడు నిమిషాలు. అది కూడా మీ నంబరు అన్నిటికంటే చివర వస్తే.

దానికి బదులు పొంతన లేని నాలుగు తెలుగు మాటలు కలపండి: గుమ్మడి, రైలు, చీపురు, వెన్నెల. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే 25 దాటుతాయి. పరిమితి 63 అక్షరాలు కాబట్టి చోటుకు కొదవ లేదు. ఇంటికొచ్చిన చుట్టాలకు చెప్పడమూ సులువే. ఈ నాలుగే వాడకండి, పాటలోంచో సామెతలోంచో తీయకండి. ఏదైనా పుస్తకం కళ్లు మూసుకుని నాలుగు చోట్ల తెరిచి, వేలు పడిన మాట తీసుకోండి.

పాస్‌వర్డ్ కొట్టకుండా పిన్‌తోనో బటన్‌తోనో వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ ఆపడం మర్చిపోవద్దు. అందులో పిన్ 8 అంకెలదే అయినా, చివరిది మిగతా ఏడింటి నుంచి లెక్కగట్టేది. పైగా రౌటర్ మొదటి నాలుగింటినీ విడిగా, తర్వాతి మూడింటినీ విడిగా సరిచూస్తుంది. అందుకే కోటి ప్రయత్నాలు కావాల్సిన చోట 11,000 సరిపోతాయి. 2011 చివర్లో ఈ లోపం బయటపడింది. అది తెరిచి ఉంటే మీ నాలుగు మాటల పాస్‌వర్డ్ ఎంత పొడవున్నా దండగే.

వైఫై పేరు దాచిపెట్టడం వల్ల లాభం లేదు. కెమెరా, స్మార్ట్ టీవీ, బల్బులు, చుట్టాల ఫోన్లు గెస్ట్ నెట్‌వర్క్‌లో, అంటే అదే రౌటర్ ఇచ్చే వేరే వైఫైలో పెట్టండి. బల్బులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌కే కలుస్తాయి, గెస్ట్‌లో ఆ బ్యాండ్ ఆన్‌లో ఉంచాలి.

సమాచారానికి తాళం

రైల్వే స్టేషన్ వైఫైలో మొదటి రెండు తాళాలూ మీ చేతుల్లో ఉండవు, మిగిలేది హెచ్‌టీటీపీఎస్ ఒక్కటే. మీకూ ఆ సైటుకూ మధ్య నడిచేది ఎవరూ చదవలేకుండా, మార్చలేకుండా అది చూస్తుంది. ఏ సైటుకు వెళ్లారో మాత్రం మధ్యలోవాళ్లకు సాధారణంగా తెలిసిపోతుంది. సైటు నడిపేవాడు మంచివాడని కూడా అది హామీ ఇవ్వదు, హెచ్‌టీటీపీఎస్‌కు కావాల్సిన సర్టిఫికెట్ దొంగ సైట్లకూ దొరుకుతుంది. అడ్రస్ పక్కన కనిపించే తాళం బొమ్మను జనం నమ్మకానికి గుర్తుగా పొరబడుతున్నారనే క్రోమ్ బ్రౌజర్ 2023లో దాన్ని తీసేసింది. కాబట్టి అడ్రస్‌లో డొమైన్ పేరు అక్షరం అక్షరం చదవండి. సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే ముందుకు వెళ్లకండి, బ్యాంకు పని అయితే అసలే వద్దు.

ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్‌ఎస్ అనే సెట్టింగ్ ఉంది. అందులో వన్.వన్.వన్.వన్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఇస్తే, సైట్ పేర్ల కోసం ఫోన్ అడిగే ప్రశ్నలు కూడా తాళం వేసుకుని వెళ్తాయి. ఒక చిక్కుంది: హోటళ్లలో ఓటీపీ అడిగే లాగిన్ పేజీ దీనివల్ల తెరుచుకోకపోవచ్చు. కాసేపు ఆటోమేటిక్‌లో పెట్టి, లాగిన్ అయ్యాక మళ్లీ మార్చుకోండి.

అన్నీ మార్చాక నెట్ రాకపోతే

విండోస్‌లో మీ ఐపీ 169.254తో మొదలైతే రౌటర్ నంబరు ఇవ్వలేదని అర్థం. రౌటర్‌లో పరికరాలకు నంబర్లు పంచే డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉందో చూడండి. నంబరు సరిగ్గానే ఉంటే ముందు గేట్‌వేను, తర్వాత గూగుల్ సర్వర్ 8.8.8.8ను, ఆ తర్వాత ఏదైనా సైట్ పేరును పింగ్ చేయండి, అంటే కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని కొట్టి పక్కన ఆ నంబరో పేరో ఇచ్చి జవాబు వస్తుందేమో చూడండి. మొదటిదే పలకకపోతే తప్పు వైఫైలోనో కేబుల్‌లోనో ఉంది. రెండోదాని దగ్గర ఆగితే కంపెనీ లైన్ లేదా ఆ వ్యాన్ పేజీ, ఫొటోతో పోల్చి చూసుకోండి. రెండూ పలికి పేరు దగ్గర ఆగితే డీఎన్‌ఎస్.

చివరగా రౌటర్‌లో కనెక్ట్ అయిన పరికరాల జాబితా తెరిచి, ఇంట్లో ఉన్నవాటితో లెక్క పెట్టండి. పేరు లేనిది కనిపించగానే కంగారు పడొద్దు. ఈమధ్య ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్, అంటే పరికరం గుర్తింపు నంబరు, దాచి వేరేది చూపిస్తాయి. ఒక్కో ఫోన్‌లో వైఫై ఆపి ఏ వరస మాయమవుతుందో చూడండి. అన్నీ ఆపినా ఇంకొకటి మిగిలి ఉంటే, వైఫై పాస్‌వర్డ్ ఆ పూటే మార్చేయండి.